తెర మీది పాఠం: చూపు, దారి



డెబ్బది అయిదేండ్లు నిండిన పాఠశాలలో నల్లబల్ల ప్రసక్తి లేకుండా తెరను గురించి మాట్లాడడం న్యాయం కాదు. మంచి ఉపాధ్యాయుడు బల్లను వాడే తీరు పూర్వ విద్యార్థుల కన్నుల ముందు ఇప్పటికీ కదలాడుతూనే ఉంటుంది. పై భాగాన పాఠం పేరు. ఎడమ వైపున గంట ముగిసేదాకా చెరపకుండా ఉంచే ముఖ్యాంశాలు. కుడి వైపున వేసి చెరిపివేసే లెక్కలు, బొమ్మలు. రంగు సుద్ద చేతిలో ఉన్నా గుండె బొమ్మలో మంచి రక్తానికీ చెడు రక్తానికీ భేదం చూపడానికే దానిని బయటికి తీసేవారు. వెనుక వరుసలోని పిల్లవాడు కళ్లు చికిలించగానే అక్షరం పెద్దది చేసేవారు. నేడు ఆన్‌లైన్ కోర్సు రూపకల్పన అని వ్యవహరిస్తున్న విద్యలో సగభాగం ఇందులోనే ఉన్నది. అందులో లేనిది ఒక్కటే: తెరకు పిల్లవాని ముఖం కనిపించదు. పాఠం కూర్చేవారే ఆ ముఖాన్ని ముందుగా ఊహించుకొనవలసి ఉంటుంది.

ఆ ఊహ కొరవడితే ఏమవుతుందో 2020 మార్చిలో బడులు మూతపడిన తరువాత దేశమంతా చూసింది. పుస్తకంలోని పుటలకు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. పాఠం, ఇంటిపని, దాని సవరణ, సమాధానాలు, పండుగ శుభాకాంక్షలు అన్నీ ఒకే వరుసలో కలగలిసి వచ్చాయి. ఉపాధ్యాయుల శ్రద్ధలో లోపం లేదు. వారి చేతికి అందిన సాధనం అది. కాని తండ్రి పని నుంచి తిరిగి వచ్చిన తరువాత ఆ ఇంటి ఏకైక ఫోనును ఒక గంటసేపు అందుకున్న పిల్లవానికి, ఆ గంటలో సగం పాఠాన్ని వెదకడానికే సరిపోయింది. దారి దొరకని పిల్లవాడు పాఠం సరిగా అమర్చలేదని అనుకోడు. తనకు తెలివి చాలదని అనుకుంటాడు. ఈ విషయంలో అసలు నష్టం అదే.

ఆంధ్ర, తెలంగాణల వెలుపల తెలుగు మాధ్యమంలో చదివే పిల్లలకు మరొక చిక్కు ఉన్నది. ముంబై మహానగర పాలక సంస్థ బడులలో ఎనిమిది భాషల మాధ్యమాలున్నాయి. తెలుగు అందులో ఒకటి. అక్కడి పిల్లవానికి ఆంధ్రప్రదేశ్‌లో తయారైన పాఠం దొరికితే భాష తనదే గాని, పాఠ్యప్రణాళిక తనది కాదు. మహారాష్ట్రలో తయారైన పాఠం దొరికితే ప్రణాళిక తనదే గాని, భాష తరచుగా మరొకటి. కనుక “7వ తరగతి, 4వ పాఠం” అని మాత్రమే పేరు పెట్టిన కోర్సు అతనికి తాళం వేసిన గది వంటిది. “ఆకు ఆహారాన్ని ఎట్లా తయారు చేస్తుంది?” అని పెడితే ఏ రాష్ట్రపు పిల్లవాడైనా తలుపు తీసుకొని లోపలికి రాగలడు. తరగతి, పాఠం సంఖ్య దాని క్రింద చిన్న అక్షరాలలో ఉండవచ్చును. 2017 సెప్టెంబరు 5న ప్రారంభమైన దీక్షా వేదిక పాఠ్యపుస్తకాలలో క్యూఆర్ కోడ్‌ను అచ్చు వేయించి మరొక మంచి దారి చూపింది. పుస్తకమే విషయసూచిక అయినది; పుట మీద ఫోను పెడితే ఆ పుటకు తగిన పాఠమే తెరుచుకుంటుంది.

లోపలికి వచ్చిన తరువాత ప్రతి పుటలోను మూడు సంగతులు తెలియాలి: ఇది ఏ పాఠం, ఇంకా ఎంత ఉన్నది, నిన్న ఎక్కడ ఆగినది. “తరువాత” అనే మీట ఒక పుటలో క్రింద, మరొక పుటలో పైన ఉండరాదు. వంటింట్లో ఉప్పు డబ్బా చోటు మార్చితే చేయి తిరిగిన ఇల్లాలు కూడా తడుముకుంటుంది.

ఇక అందం మాట. పిల్లలను ఆకర్షించాలని ఎగిరే సీతాకోకచిలుకలు, నేపథ్య సంగీతం, మూలమూలన నవ్వే బొమ్మలు చేర్చడం పరిపాటి అయినది. విషయంతో సంబంధం లేని అలంకారం నేర్చుకొనడానికి అడ్డు వస్తుందని అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు రిచర్డ్ మేయర్ తన ప్రయోగాల ద్వారా చూపారు. బొమ్మ ఒకచోట, దాని వివరణ మరొకచోట ఉంటే బుద్ధి రెంటి మధ్య పరుగులు తీసి అలసిపోతుందని పాల్ చాండ్లర్, జాన్ స్వెల్లర్ 1992లో ప్రచురించిన పరిశోధనలో నిరూపించారు. కిరణజన్య సంయోగక్రియ పాఠాన్నే తీసుకొనవచ్చును. ఆకు బొమ్మ మీద 1, 2, 3 అని అంకెలు వేసి, పత్రరంధ్రం, పత్రహరితం అనే పేర్లను అడుగున పట్టికగా ఇవ్వడం పుస్తకాల అలవాటు. పుస్తకంలో రెండూ ఒకే చూపులో ఉంటాయి. ఫోనులో పట్టిక చదవబోతే బొమ్మ పైకి జరిగిపోతుంది. పేరు ఆ భాగం పక్కనే ఉంటే చాలు, సీతాకోకచిలుక అక్కరలేదు.

తెలుగు లిపికి వేరే మర్యాదలున్నాయి. వీటిని ఆంగ్ల నమూనాల నుంచి అరువు తెచ్చుకొనలేము. “రాష్ట్రీయ” అన్న మాటలో పైన గుడి దీర్ఘం, క్రింద రెండు వత్తులు. ఆంగ్లానికి సరిపోయే వరుసల ఎడం ఇక్కడ చాలదు. పై వరుస వత్తు క్రింది వరుస తలకట్టును తాకుతుంది. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లయినా ఎడం ఉండాలి. శీర్షికలను మరీ బొద్దు అక్షరాలలో పెడితే లోపలి ఖాళీలు పూడిపోయి “థ”లోని చుక్క కనబడదు. పెద్దలే “కథ”ను “కధ” అని వ్రాస్తున్న కాలంలో పిల్లవానికి చుక్క అయినా కనబడాలి కదా! దీర్ఘ సమాసాలు ఇరుకైన తెరలో పట్టక ఎక్కడబడితే అక్కడ విరుగుతాయి. “కిరణజన్య” ఒక వరుసలో, “సంయోగక్రియ” మరొక వరుసలో ఉంచడం మేలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే చోటు దక్కింది. అయినను అచ్చు కోసం తయారైన పాత ఫాంట్లలోని పాఠాలను నేటికీ బొమ్మలుగా మార్చి పెడుతున్నారు. బొమ్మలోని అక్షరాన్ని వెదకలేము, తెరకు సరిపడా పెంచుకొనలేము. చూపు లేని విద్యార్థికి చదివి వినిపించే సాధనం దాని ముందు మూగపోతుంది.

రంగుల విషయంలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఒక కొలత నిర్ణయించింది: మామూలు అక్షరానికీ దాని వెనుక రంగుకూ కాంతి భేదం 4.5 : 1 కన్న తగ్గరాదు. తెలుపు మీద లేత బూడిద రంగు చూడముచ్చటగా ఉంటుంది గాని, ఎండలో అరుగు మీద కూర్చున్న పిల్లవానికి అది ఖాళీ కాగితమే. ఒప్పుకు ఆకుపచ్చ, తప్పుకు ఎరుపు అన్నప్పుడు పక్కన మాట కూడా వ్రాయాలి. ఆ రెండు రంగులను వేరు చేయలేని పిల్లలు ఉంటారు.

వీడియోలు కూడ క్లుప్తంగా ఉండాలి. ఎడెక్స్ కోర్సులపై 2014లో వెలువడిన పరిశీలనలో ఆరు నిమిషాల లోపు వీడియోలను విద్యార్థులు ఎక్కువ శ్రద్ధతో చూసినట్లు తేలింది. వారు స్వచ్ఛందంగా చేరినవారు. బడిపిల్లల ఓపిక అంతకన్న ఎక్కువ ఉంటుందని అనుకొనలేము. వీడియో పక్కన దాని సారాంశం అక్షర రూపంలో ఉంటే డేటా అయిపోయిన ఇంట కూడా పాఠం ఆగదు.

ఇటువంటి కోర్సును పరీక్షించడానికి పెద్ద ఖర్చు లేదు. ఒక పిల్లవానికో, పిల్లకో ఫోను ఇచ్చి, “నిన్న ఆపిన చోటికి వెళ్లు” అని చెప్పి, పక్కన కూర్చొని మాట్లాడకుండా చూడాలి. మాట్లాడకుండా ఉండడమే ఉపాధ్యాయులకు కష్టం! వ్రేలు ఎక్కడ తడబడితే అక్కడ పుటను మార్చాలి, పిల్లవానిని కాదు. అయిదారుగురితో ఇట్లా చూస్తే పెద్ద లోపాలు చాలావరకు బయటపడతాయి.

కంప్యూటరు ఉద్యోగాలలో స్థిరపడిన పూర్వ విద్యార్థులు, పాఠం చెప్పడంలో పండిపోయిన ఉపాధ్యాయులు ఒకేచోట కూడిన సందర్భమిది. ముందుగా ఒక్క పాఠం తయారైతే చాలును. ఆకు పాఠమే కావచ్చును. దానిని మొదట చూడవలసినది కార్యవర్గం కాదు. తండ్రి ఫోను కోసం సాయంత్రం దాకా ఎదురుచూసే ఏడవ తరగతి విద్యార్థి.