గల్ఫు నౌకరి: చేతికి మిగిలేదెంత?

(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఏటా మొహర్రం నెలలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగ జరుగుతుంది. చదువు రొట్టె, పెండ్లి రొట్టె, ఆరోగ్య రొట్టె, వీటితోపాటు విదేశీ రొట్టె కోసం కూడా జనం నీళ్లలో నిలబడి వెతుకుతారు. మనది మెట్ట ప్రాంతం. వాన కురిస్తే పైరు, బోరు పడితే తోట. కాబట్టి మన పిల్లలు కువైట్, సౌదీ, ఖతర్ అని కలవరించటం తప్పు కాదు. తప్పంతా ఒక్కచోట ఉన్నది. వీసా వచ్చిందనగానే ఇల్లంతా అడిగేది ఒకే ప్రశ్న: "జీతం ఎంతంట?" ఆ అంకెను రూపాయల్లోకి హెచ్చించి మురిసిపోతాము. అడగవలసింది అది కాదు. "తిని, ఉండి, అప్పు తీర్చి, చేతికి మిగిలేదెంత?" అని అడగవలెను.

ఈ ఒక్క సంగతి చెప్పటానికే మేము ఈరోజు మీ ముందు నిలబడినాము. దీనికి పెద్ద చదువు అక్కరలేదు. ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు చాలును. కాగితం మీద మూడు పద్దులు రాయండి. ఒకటి, పోవటానికి అయ్యే ఖర్చు. రెండు, అక్కడ బతకటానికి అయ్యే ఖర్చు. మూడు, ఇక్కడ ఇల్లు గడవటానికి పంపవలసిన డబ్బు.

ఒక లెక్క వేసి చూద్దాము. ఖతర్‌లో 2020 నాటి 17వ నంబరు చట్టం కనీస వేతనం నిర్ణయించింది. అది 2021 మార్చి 20 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మూల జీతం నెలకు 1,000 రియాళ్లు. యజమాని గది ఇవ్వకపోతే మరి 500, తిండి పెట్టకపోతే మరి 300 ఇవ్వవలెను. మొత్తం 1,800. ఇప్పుడు ఒక ఏజెంటు వచ్చి "1,800 రియాళ్ల నౌకరి" అన్నాడనుకోండి. ఇంకొకరు వచ్చి "1,200 రియాళ్లు, గది, తిండి కంపెనీదే" అన్నారనుకోండి. మన అబ్బాయి దేనికి పరుగెత్తుతాడు? 1,800 కే కదా!

మొదటి నౌకరిలో గదికి 500, తిండికి 300, ఫోనుకు, సబ్బులకు, చిల్లర ఖర్చుకు 100 పోగా మిగిలేది 900. రెండోదానిలో చిల్లర ఖర్చు 100 పోగా 1,100. రియాలు ధర రోజూ మారుతుంటుంది, లెక్క సులువుకు 24 రూపాయలు అనుకుందాము. మొదటిదానిలో 21,600 రూపాయలు, రెండోదానిలో 26,400. ఇంటికి నెలకు 12,000 కావాలి. పోయేటప్పుడు లక్షన్నర అప్పు చేసినాము, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. అప్పు తీర్చటానికి మొదటివాడి దగ్గర నెలకు 9,600, రెండోవాడి దగ్గర 14,400 ఉంటుంది. మొదటివాడి అప్పు తీరటానికి సుమారు 19 నెలలు, రెండోవాడికి సుమారు 12 నెలలు పడుతుంది. రెండేండ్ల ఒప్పందం ముగిసేసరికి మొదటివాడు 5 నెలల మిగులు, అంటే 48,000 రూపాయలతో ఇంటికొస్తాడు. రెండోవాడు 12 నెలల మిగులు, అంటే 1,72,800 తెస్తాడు. చిన్న జీతం అనుకున్నదే మూడింతలకు పైగా మిగిల్చింది. నడుమ ఒక నెల జ్వరం వచ్చి పడుకుంటే, ఒక నెల జీతం ఆలస్యమైతే మొదటివాడి గతి ఏమిటో మీరే ఆలోచించండి.

ఈ లెక్కలో అందరికన్నా ఎక్కువ తిన్నది ఎవరు? ఆ లక్షన్నర అప్పు, దాని వడ్డీ. వడ్డీ మనకు హరామ్ అని మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పవలసిన పనిలేదు. అయినా వీసా పేరు చెప్పగానే ఇంట్లో అమ్మ గాజులు కుదువకు పోతున్నవి. ప్రభుత్వంలో నమోదైన ఏజెంటు తీసుకోదగిన రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన 18 శాతం జి.ఎస్.టి. వెరసి 35,400. దానికి రసీదు ఇవ్వవలెను. రెండో నౌకరికి ఈ రుసుము మాత్రమే అప్పు చేసి పోయి ఉంటే, మూడో నెలకే తీరిపోయేది. ఏజెంటు నమోదైనవాడా కాదా అన్నది భారత ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చును. చూడటం రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లను అడగండి.

జీతంలో ఓవర్‌టైమును కలిపి చెప్పేవాళ్లున్నారు. దాన్ని లెక్కలో చేర్చకండి. పని ఉంటేనే అది ఉంటుంది. మూల జీతం ఎంతో విడిగా అడగండి. ఖతర్‌లో నౌకరి వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే సొమ్ము, ఏడాదికి కనీసం మూడు వారాల చొప్పున, మూల జీతం మీదనే కడతారు. మూల జీతం తగ్గించి అలవెన్సులు పెంచి రాస్తే, కడకు నష్టపోయేది మనమే.

"గది ఫ్రీ" అన్నా అక్కడితో ఆగకండి. గదికి ఎందరు, పని చోటికి ఎంత దూరం, బస్సు కంపెనీదా మనదా, అడగండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులున్న భవనం కాలి, నలభై మందికి పైగా భారతీయులు చనిపోయినారు. వారిలో మన తెలుగువారూ ఉన్నారు. గది కూడా జీతంలో భాగమే.

"ఆజాద్ వీసా" అనే మాట మన ఊళ్లలో తియ్యగా వినిపిస్తుంది. కఫీల్ ఒకడు, పని ఇంకొక చోట. ఇఖామా కోసం ఏటా కఫీలుకు మనమే డబ్బు కట్టాలి. పని దొరకని నెలల్లో గది అద్దె మనదే. పట్టుబడితే చట్టం మన పక్కన ఉండదు. కువైట్ ప్రభుత్వం 2018లోనూ, 2020లోనూ, 2024లోనూ క్షమాభిక్ష ప్రకటించినప్పుడు కాగితాలు లేని ఎందరో బయటపడి ఇంటిదారి పట్టినారు. విజిట్ వీసా మీద పనికి పోవటం అంతకన్నా ప్రమాదం.

చదువుకుని ఇంజినీర్లుగా, నర్సులుగా పోయే పిల్లలకూ ఒక మాట. సౌదీలో కుటుంబాన్ని దగ్గర పెట్టుకుంటే ఒక్కొక్కరికి ప్రభుత్వ రుసుము ఉన్నది. 2017 జూలైలో నెలకు 100 రియాళ్లతో మొదలై, 2020 జూలై నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలంటే నెలకు 1,200, ఏడాదికి 14,400 రియాళ్లు. అమ్మకపు పన్ను 2018లో 5 శాతం, 2020 జూలై నుంచి 15 శాతం. ఇంటి అద్దె, బడి ఫీజు, ఏటా టిక్కెట్లు వేరే. వీటిలో కంపెనీ ఏది భరిస్తుందో కాగితం మీద లేకపోతే, భరించదనే లెక్క వేసుకోండి.

ఇండ్లలో పనికి పోయే అక్కచెల్లెళ్ల విషయం. పదో తరగతి పాసుకాని ఆడవారికి గల్ఫు పోవటానికి 30 ఏండ్లు నిండి ఉండాలన్నది మన ప్రభుత్వ నిబంధన. పంపటం కూడా ప్రభుత్వం అనుమతించిన సంస్థల ద్వారానే జరగవలెను. వయసు మార్చి, దొంగదారిన పంపేవాణ్ణి "మామూ" అని పిలిచి చాయ్ పోయకండి.

నోటిమాట చాలదు. అప్పు వ్యవహారం రాసుకోమని చెప్పే ఆయత్ ఖురాన్‌లో అన్నింటికన్నా పొడవైనదని మన హజ్రత్‌లు చెబుతుంటారు. అప్పుకే అంత రాత ఉంటే, రెండేండ్ల బతుకుకు ఉండొద్దా? మూల జీతం, తిండి, గది, పని గంటలు, సెలవు, టిక్కెట్టు, వైద్యం, ఇఖామా ఖర్చు, ఈ ఎనిమిదీ ఒప్పందంలో చూసుకోండి. దాని నకలు ఒకటి ఇంట్లో ఉంచండి. పదో తరగతి లేనివారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉన్నది. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షలు. ఆ కాగితం అమ్మ చేతికో, భార్య చేతికో ఇచ్చి పోండి.

ఆఖరుకు, లెక్క వేసినాక ఏమీ మిగలదని తేలితే వద్దని చెప్పండి. వీసా వదులుకున్నాడని నలుగురు నవ్వుతారని కొందరు భయపడుతుండారు. నవ్వే నలుగురూ అప్పు తీర్చటానికి రారు. పోవద్దని మేము అనటం లేదు. పోయి బాగుపడి, చెల్లెళ్ల పెండ్లిండ్లు చేసి, ఇల్లు కట్టినవారు ఈ సభలోనే ఉన్నారు, అల్‌హందులిల్లాహ్. రొట్టె పట్టుకోండి, దువా చేయండి. దానితోపాటు పెన్సిలు కూడా పట్టుకోండి. ఒంటెను కట్టిన తర్వాతనే తవక్కుల్ అన్న బోధ మనకు కొత్తది కాదు కదా.

ఏ ఇంటికైనా వీసా కాగితం వస్తే, డబ్బు కట్టకముందు మన సంఘానికి తీసుకురండి. కట్టినాక వస్తే మేము ఓదార్చగలము గాని, లెక్క మార్చలేము. అల్లాహ్ మన పిల్లల కష్టానికి బర్కత్ ఇచ్చుగాక. ఆమీన్.