పైకప్పు కింద నిలబడే హక్కు

(ఒమాన్‌లోని బౌషర్‌లో తెలుగువారి సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి స్మృతిలో ఈ సభ జరుగుతోందో ఆ మాస్టారి గురించి నాకంటే మీకే ఎక్కువ తెలుసు. నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. తనతో విభేదించినవాళ్ల పేర్ల పక్కన కూడా ఆయన ఉత్తరాల్లో ‘గారు’ తప్పనిసరిగా ఉండేది. నాతో చివరిదాకా విభేదించారు. లేపాక్షి గుడి కప్పు మీది చిత్రాలు బతకాలంటే మంటపంలోకి జనాన్ని రానివ్వకూడదన్నది ఆయన మాట. రానిచ్చే కాపాడాలన్నది నా మాట. ఆ వాదన మా మధ్య తెగలేదు. ఇవాళ ఆయన పేరిటే దాన్ని కొనసాగిస్తున్నాను.

లేపాక్షి కథ మొదటినుంచీ చెప్పను. హిందూపురం పక్కన ఊరు, అచ్యుతదేవరాయల కాలం, విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు, ఏకశిలా నంది, వేలాడే స్తంభం అన్నీ మీ పిల్లలకు కూడా తెలుసు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కిందనీ తెలుసు. నేరుగా తల ఎత్తి చూడవలసిన చోటికి వెళ్దాం.

రాతి దూలాల మధ్య పొడవాటి పట్టీలుగా సున్నపు పూత, దానిమీద ఎర్రమన్ను రంగు, నల్లటి గీత. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం వరసగా సాగుతాయి. ఒక చీర మీద ఉన్న అద్దకం పక్క చీర మీద ఉండదు. మగవాళ్ల తలల మీద పొడవాటి కుళ్లాయిలు. మన నేతగాళ్లకూ అద్దకంవాళ్లకూ ఆ కప్పే పాఠ్యపుస్తకం. అందులో పేజీలు రాలిపోతున్నాయి. ఎందువల్ల?

భక్తుల ఊపిరి, చెమట, దీపాల పొగ, ఫొటోల ఫ్లాష్ అంటారు. ఇక్కడే నా పేచీ. దీపాల మసి నిజమే. దీపాలను బయటి ప్రాకారంలోకి మారిస్తే అది తీరుతుంది. కానీ ఇలాంటి కప్పుకు అసలు శత్రువు పైనుంచి వస్తుంది. రాతి పలకల మీద పరిచిన ఇటుకముక్కల సున్నపు గచ్చు బీటలిస్తే వాననీరు పలకల అతుకుల్లోకి దిగుతుంది. దిగేటప్పుడు సున్నంలోని లవణాలను కరిగించుకుని వస్తుంది. ఎండకు నీరు ఆరిపోతుంది, లవణం పూత వెనక పేరుకుని గడ్డకడుతుంది, పూత పొక్కి రాలుతుంది. కింద ఒక్క మనిషి లేకపోయినా రాలుతుంది. తలుపుకు తాళం వేసి కప్పును మరిచిపోతే ఇంకా హాయిగా రాలుతుంది.

మూసేయాలనేవారు ముందుగా ఫ్రాన్స్‌లోని లాస్కో గుహ పేరు చెబుతారు. చెప్పనివ్వండి. 1948లో జనానికి తెరిచారు. జనం ఊపిరికి గోడల మీద పచ్చటి నాచు, తెల్లటి పొర పట్టాయి. 1963లో మూశారు. అక్కడ అది సరైన పనే. కానీ కథలో మిగతా సగం కూడా చెప్పాలి కదా. మూసిన దాదాపు నలభై ఏళ్లకు, కొత్త శీతలీకరణ యంత్రాలు బిగించిన కొద్దికాలానికే, 2001లో అదే గుహను బూజు కమ్మేసింది. అప్పుడు లోపల యాత్రికులెవరున్నారు? పైగా అది భూగర్భ గుహ. లేపాక్షి మంటపం స్తంభాల మధ్య గాలి ఆడే చోటు. ఒకే మందు రెండింటికీ రాసివ్వడం వైద్యం కాదు.

తర్వాత అజంతా. నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, పురావస్తు శాఖాధిపతి గులాం యజ్దానీ గారి హయాంలో, 1920 నుంచి రెండేళ్లపాటు ఇటలీ నిపుణులు చెక్కోని, ఓర్సిని వచ్చి ఊడిపోతున్న పూతను గోడకు అతికించారు. ఆ మేలు మరువరానిది. అయితే వాళ్లు పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి బొమ్మల్ని కప్పేసింది. దాన్ని తీయడానికి పురావస్తు శాఖ రసాయన విభాగం ఏళ్ల తరబడి పాటుపడింది. ఆ వార్నిష్ పూసింది యాత్రికుడు కాదు. 1819లో పదో గుహలో తన పేరు గీకిన ఆంగ్ల సైనికాధికారి జాన్ స్మిత్ సందర్శకుడేగా అని మాస్టారు అడిగారు. అవును. ఆ రోజు అతని పక్కన కావలివాడు లేడు.

ఇక తంజావూరు. బృహదీశ్వరాలయంలో గర్భగుడి చుట్టూ ఉన్న సందులో, నాయక రాజుల కాలపు పూత కింద చోళుల చిత్రాలున్నాయని 1931లో గోవిందస్వామి గారు బయటపెట్టారు. ఆ సందు ఇరుకు, జనానికి ప్రవేశం లేదు. అక్కడి ఇరుకుకు అది తగిందేనని ఒప్పుకుంటాను. నేను కాదనేది ఆ ఏర్పాటును ప్రతి గుడికీ నియమంగా తగిలించడాన్ని. పదిమంది కళ్లు పడని గోడ మీద పెచ్చు ఊడితే మర్నాడు ఫిర్యాదు చేసేవాడు ఎవడు?

దారి మీ ఊళ్లోనే ఉంది. ఈ బౌషర్‌లోని సుల్తాన్ ఖాబూస్ పెద్ద మసీదు 2001లో తెరిచినది, పాతది కాదు. అయినా అక్కడి పద్ధతి గమనించండి. ఇరాన్‌లో 600 మంది స్త్రీలు నాలుగేళ్లు నేసిన, 170 కోట్ల ముడుల తివాచీ ఆ ప్రార్థనామందిరమంతా పరుచుకుని ఉంది. ఇతర మతాలవారికి శుక్రవారం తప్ప ఉదయం 8 నుంచి 11 దాకా ప్రవేశం. చెప్పులు విప్పి, ఆడవాళ్లయితే తలమీద గుడ్డ కప్పుకుని, తివాచీపై విడిగా పరిచిన పట్టీ మీదే నడవాలి. ప్రార్థన వేళకు ఆ చోటు నమాజు చేసేవాళ్లది. చూసేవాడికీ కొలిచేవాడికీ వేళలు వేరు చేశారు, నడిచే దారి గీశారు, ఎవరినీ వెళ్లగొట్టలేదు. చైనాలో దున్‌హువాంగ్ గుహలకు 2014 నుంచి రోజుకు 6,000 మంది అని మామూలు పరిమితి పెట్టి, ముందు బయట సినిమా చూపించి లోపలికి పంపుతున్నారు. లేపాక్షిలో పూజవేళ, దర్శనవేళ, చిత్రాల వేళ విడదీయడానికి ఇంతకంటే ఏం కావాలి? ఏటా వానలకు ముందు కప్పు మీదికెక్కి గచ్చు చూసే మనిషి కావాలి. అది మొదటి ఖర్చు. తాళం చివరిది.

దీనికి రుజువు కావాలంటారు. ఏ పెచ్చు ఏ ఏడు ఊడిందో తెలిస్తే అది జాతర తర్వాతా, వానల తర్వాతా అన్నది తేలుతుంది. ప్రస్తుతం నేను చేస్తున్న పని అదే. లేపాక్షి కప్పును పట్టీ పట్టీగా, బొమ్మ బొమ్మగా తెలుగులో జాబితా రాస్తున్నాను. ప్రతి బొమ్మకూ పాత ఫొటోలు తేదీలవారీగా జతచేస్తున్నాను. పుస్తకాల్లో వచ్చినవి చాలవు. వాటి కోసం బాగున్న భాగాలనే తీశారు.

మీ ఇళ్లలో ఉన్నాయి మిగతావి. సెలవులకు వెళ్లినప్పుడు మంటపంలో నిలబడి తీయించుకున్న ఫొటోలు, పెళ్లి తర్వాత తీసిన వీడియో క్యాసెట్లు వెతకండి. మసకగా ఉన్నా పారేయకండి. వెనక తేదీ లేకపోతే ఆ ఏడు మీ పిల్లలు ఏ తరగతిలో ఉన్నారో రాయండి, లెక్క నేను కట్టుకుంటాను. తీసింది వానాకాలమా, శివరాత్రి తర్వాతా అన్నది గుర్తుంటే తప్పక రాయండి. మీవాళ్ల ముఖాలు ఎవరికీ చూపడం ఇష్టం లేకపోతే ఆ భాగం కాగితంతో మూసి నకలు తీసి, నిర్వాహకుల చేతికివ్వండి. నాకు కావలసింది వాళ్ల తలల పైన కనబడే కప్పు.