గ్రంథాలయ యంత్రపట్టిక: దోషపరీక్షా విధానము
(దేవనకొండ గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు పుస్తక మెంత ముఖ్యమో, ఆ పుస్తక మెచ్చట నున్నదో తెలుపు పట్టికయు నంత ముఖ్యము. బీరువాలో నున్న పుస్తకము పట్టికలో లేకున్నచో, పాఠకుని కది లేనట్లే. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము పోసిరి. 1883లో కర్నూలులో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ఆ ఉద్యమమునకు నాయకత్వము వహించిరి. 1931లో ఎస్. ఆర్. రంగనాథన్‌గారు ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రములలో నొకటి పాఠకుని కాలమును కాపాడుటను గూర్చినది. పట్టిక సరిగా నున్నపుడే ఆ సూత్రము నెరవేరును.

నేడు ఆ పట్టిక అనేక గ్రంథాలయములలో కాగితమును విడిచి కంప్యూటరు నెక్కినది. పుస్తకముల పేర్లు, సభ్యుల పేర్లు, ఎవరేది తీసికొనిపోయిరను లెక్క, ఇవన్నియు వరుసగా పేర్చియుంచు కొట్టునకు డేటాబేసు అని పేరు. ఆ కొట్టులోనికి పోయి అడిగినదానిని తెచ్చి యిచ్చువాడు ప్రోగ్రాము. ఈ ప్రోగ్రాములు వ్రాయుటకు ఉపయోగించు భాషలలో పెర్ల్ యొకటి. లారీ వాల్ అను అమెరికా దేశస్థుడు దానిని 1987లో వెలువరించెను.

ఈ పెర్ల్ భాషకును గ్రంథాలయములకును గట్టి చుట్టరికము కలదు. న్యూజీలాండు దేశమున హోరోవెనువా అను ప్రాంతపు గ్రంథాలయమువారి పాత యంత్రవిధానము 2000 సంవత్సరపు తేదీలను గుర్తింపజాలనిదై యుండెను. అందుచే వారు 1999లో కొత్తదానిని వ్రాయించుకొని, 2000 జనవరిలో వాడుకలోనికి తెచ్చిరి. అది పెర్ల్ భాషలో వ్రాయబడినది. దాని పేరు కోహా. అచ్చటి మావోరీ జనుల భాషలో ఆ మాటకు కానుక యని యర్థము. పేరునకు తగినట్లే వారు దానిని లోకమునకు ఉచితముగా నిచ్చివేసిరి. భారతదేశమున ననేక గ్రంథాలయములు నేడు దానిని వాడుచున్నవి. కావున పెర్ల్ ప్రోగ్రాము డేటాబేసును చేరలేనప్పుడు దోషమును కనుగొను విధము గ్రంథాలయము నడుపువారికి తెలియదగిన విద్య.

దేవనకొండ సీమ వాన నమ్ముకొన్న సీమ. బావి మోటారు నీరు పోయనప్పుడు రైతు ఏమి చేయును? బావి యెండిపోయినదని వెంటనే తలపట్టుకొని కూర్చుండడు. మొదట కరెంటున్నదా యని చూచును. పిమ్మట ఫ్యూజు, స్టార్టరు, పైపు, ఫుట్‌వాల్వు చూచును. ఇవన్నియు సరిగా నున్నప్పుడే బావిలోనికి తొంగిచూచును. నీరు లేకపోవుట వేరు, నీటిని చేరలేకపోవుట వేరు. యంత్రపట్టిక విషయమున మొదట నేర్వవలసిన భేద మిదియే.

పెర్ల్ ప్రోగ్రాము డేటాబేసుతో నేరుగా మాటలాడదు. నడుమ డీబీఐ అను మధ్యవర్తి యుండును. దీనిని 1994 నుండి టిమ్ బన్స్ అనునతడు తీర్చిదిద్దెను. ఆ మధ్యవర్తి చేతిక్రింద ఒక్కొక్క డేటాబేసునకు ఒక్కొక్క డ్రైవరు, అనగా దుబాసీ, యుండును. ప్రోగ్రాము, మధ్యవర్తి, దుబాసీ, డేటాబేసు అను నీ నాలుగు మెట్లలో నేది విరిగినను పట్టిక మూగవోవును.

సంబంధము కుదరనప్పుడు యంత్రము చెప్పు మాటను పూర్తిగా చదువవలెను. డ్రైవరు దొరకలేదని చెప్పినచో, దుబాసీని ఆ కంప్యూటరులో చేర్పలేదని యర్థము. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ అను డేటాబేసులు తమ దోషములను అంకెలతో తెలుపును. 2002, 2003 అను అంకెలు వచ్చినచో సర్వరును చేరుటయే కాలేదు. సర్వరు నడచుచున్నదా, చిరునామా సరియైనదా యని చూడవలెను. 1045 వచ్చినచో సర్వరును చేరుట జరిగినది గాని ద్వారపాలకుడు లోనికి విడువలేదు. సభ్యనామమో, సంకేతపదమో తప్పు, లేదా ఆ కంప్యూటరునుండి వచ్చుటకు వానికి అనుమతి లేదు. 1049 వచ్చినచో ఆ పేరుగల డేటాబేసు లేదు. 1040 వచ్చినచో లోపల జనము నిండిపోయినారు. తెరచిన సంబంధములను మూయక విడిచెడి ప్రోగ్రాము ఎచ్చటనో యున్నదేమో వెదుకవలెను.

నిన్నటిదాక పనిచేసినది నేటి యుదయమున మూగవోవుట మరియొక వింత. డేటాబేసు, మాటలాడక ఊరకున్న సంబంధమును కొంతకాలమునకు తెంచివేయును. మైఎస్‌క్యూఎల్‌లో ఎవరును మార్పకున్నచో ఆ గడువు 28,800 సెకండ్లు, అనగా 8 గంటలు. సాయంకాలము తెరచి విడిచిన సంబంధము తెల్లవారునప్పటికి తెగియుండును. ఉదయమున మొదటి పాఠకుడు పుస్తకమడుగగా 2006 అను అంకె కనబడును. ప్రశ్న అడుగుటకు ముందు సంబంధము సజీవముగా నున్నదా యని పింగ్ అను ఆజ్ఞతో పలుకరించి, లేనిచో మరల కుదుర్చుకొనుట దీనికి మందు.

ఇక సంబంధము కుదిరినను, అడిగిన ప్రశ్నలో దోషముండవచ్చును. 1064 వాక్యదోషమును, 1146 లేని పట్టికను, 1054 లేని గడిని సూచించును. ఇవి కనబడు దోషములు గనుక భయము లేదు. కనబడని దోషములే ప్రమాదకరములు.

ఒక యుదాహరణము. తీసికొనిపోయి మరల నీయని పుస్తకముల జాబితా కావలసినది. తిరిగి వచ్చిన తేదీ గడి యింకను నిండని వరుసలను యంత్రము నడుగవలెను. నిండని గడిని డేటాబేసు నల్ అని పిలుచును. తేదీ నల్‌కు సమానమైన వరుసలు తెమ్మని అడిగినచో ఒక్క వరుసయు రాదు. ఏలయన నల్ అనగా సున్న కాదు, తెలియనిది. తెలియనిది దేనికిని సమానము కాదు, తనకు తానును సమానము కాదు. నల్ అయియున్న వరుసలు అని వేరు విధముగా అడుగవలెను. ఈ భేద మెరుగని ప్రోగ్రాము పుస్తకములన్నియు తిరిగి వచ్చినవని చెప్పును. గ్రంథాలయాధికారి సంతోషించును. బీరువాలు మాత్రము ఖాళీ యగుచుండును.

ఓనీల్ వంటి ఆంగ్ల నామములను ఆ భాషలో వ్రాయునప్పుడు నడుమ నొక చిన్న కొమ్ము వచ్చును. ఆ కొమ్మునే డేటాబేసు మాట ముగిసినదానికి గుర్తుగా తీసికొనును. వెంటనే వాక్యము చెడును. దుర్మార్గు డొకడు ఆ కొమ్మును ఆధారము చేసికొని, పట్టికను చెరిపివేయు ఆజ్ఞనే లోనికి పంపవచ్చును. కావున పాఠకుడు వ్రాసిన మాటను వాక్యములో నేరుగా అతుకరాదు. వాక్యమున ఒక ప్రశ్నార్థకచిహ్నము నుంచి, మాటను వేరుగా అందింపవలెను. ప్రిపేర్, ఎగ్జిక్యూట్ అను రెండాజ్ఞలు ఇందులకే యున్నవి.

వాక్యము వ్రాయుటలోనే గాక, వ్రాసినది నిలుచుటలోను చిక్కు కలదు. మార్పులను స్థిరపరచు పని ప్రోగ్రామునకే విడిచినప్పుడు, కమిట్ అను ఆజ్ఞ నీయనిచో ఎరవు లెక్క కంప్యూటరు తెరపై కనబడియు, సంబంధము మూయగానే సాధారణముగా రద్దగును. పద్దు వ్రాసి సంతకము చేయకుండుట వంటి దిది.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు లిపికి సంబంధించినది. యూనికోడు విధానములో తెలుగు సంకేతమొక్కటి సాధారణముగా మూడు బైట్ల చోటు పట్టును. ప్రోగ్రాము, సంబంధము, డేటాబేసు మూడును ఒకే లిపివిధానమును ఒప్పుకొనకున్నచో తెలుగు పేరునకు బదులు ప్రశ్నార్థకములో, అర్థములేని గీతలో కనబడును. అప్పుడు హెక్స్ అను ఆజ్ఞతో లోపలి బైట్లను చూడవలెను. అవి ఈ0, బీ0 అనియో, ఈ0, బీ1 అనియో మొదలైనచో తెలుగు అక్షరములు భద్రముగా నున్నవి, చూపుటలోనే లోపము. 3ఎఫ్ అను నంకెలే వరుసగా నున్నచో పేరు శాశ్వతముగా పోయినది. దానిని తిరిగి తెచ్చునది కాగితపు యాక్సెషన్ రిజిస్టరు ఒక్కటియే. యంత్రము వచ్చినదని ఆ రిజిస్టరును చెత్తలో వేయరాదు.

ఎమ్మిగనూరు ఈ సీమకు ఇరుగు. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిరి. మగ్గముమీద పడుగులో ఒక పోగు తెగినప్పుడు నేతగాడు గుడ్డనంతయు కోసివేయడు. తెగిన పోగును వెదకి, ముడివేసి, పని సాగించును. దోషపరీక్షకు ఆ యోర్పే కావలెను. ప్రోగ్రాములోని వాక్యమునే తీసి, ఆ సభ్యనామముతోనే, డేటాబేసును నేరుగా అడిగి చూడవలెను. అచ్చట సరియైన జవాబు వచ్చినచో లోపము ప్రోగ్రామువైపున నుండును. రాకున్నచో వాక్యములోనో, డేటాబేసులోనో యుండును. ట్రేస్ అను సాధనమును తెరచినచో మధ్యవర్తి తాను చేసిన ప్రతి పనిని చెప్పును. ఒకసారి కొక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది మందో, ఏది విషమో తెలియదు. అన్నిటికంటె ముందు పట్టికకు నకలు తీసి యుంచుకొనవలెను.

అన్నిటికి మూలమైన నియమ మొకటి కలదు. డీబీఐలో రెయిజ్ఎర్రర్ అను మీట యున్నది. దానిని తెరచియుంచినచో దోషము కలిగినంతనే ప్రోగ్రాము ఆగి, కారణము చెప్పును. మూసియుంచి, ప్రోగ్రాము తానుగా పరీక్షింపకున్నచో, పని చెడినను ముందునకే సాగి, పాఠకునకు ఖాళీ జాబితా చూపును. జొన్నచేనికి పట్టిన తెగులును గూర్చిన పుస్తకమునకై ఒక రైతు పది క్రోసులు నడచి వచ్చెననుకొందురు గాక. పుస్తకము బీరువాలోనే యున్నది. సంబంధము మాత్రము తెగినది. యంత్రము నిజము చెప్పక, అట్టి పుస్తకము లేదనినది. రైతు తిరిగిపోవును. పంట పోవును. మరల గ్రంథాలయపు గడప త్రొక్కడు. నేను చూడలేకపోతినని చెప్పు యంత్రము గౌరవనీయము. చూడకయే లేదనునది గ్రంథాలయమునకు శత్రువు. మానవులకును ఈ నియమము వర్తించును.

కోహా వంటి ప్రోగ్రాములు రహస్యములు కావు. ప్రతి వాక్యమును ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, దిద్దినదానిని లోకమునకు తిరిగి కానుకగా నీయవచ్చును. దేవనకొండ బడిలో చదువుకొన్న బాలికయు, ఆదోని కళాశాలలో చదువుకొన్న బాలుడును ఈ పని నేర్వగలరు. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన ఈ సంస్థ, రాబోవు కాలమున పట్టికను కాపాడు యువకులను గూడ తయారు చేయుగాక! అడిగినవానికి నిజము చెప్పు పట్టికతో ఈ గ్రంథాలయము నిండు నూరేండ్లు వర్ధిల్లుగాక!