బదులు కాదు, తోడు

(ప్రపంచ వినికిడి దినోత్సవం సందర్భంగా మార్చి 3వ తేదీన వార్డు సభాభవనంలో తెలుగు కుటుంబాల కోసం ఏర్పాటైన సమావేశంలో నగరపాలక సంస్థ అనువాదకుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను వైద్యుణ్ణి కాను. కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ వెలువడే ప్రకటనలను, కరపత్రాలను, దరఖాస్తులను తెలుగులోకి తేవడం నా ఉద్యోగం. చెవి గురించి మాట్లాడే అర్హత నీకెక్కడిదని మీరు అడగవచ్చు. ఒక మాటను తప్పుగా అనువదించడం వల్ల సంక్రమించిన అర్హత అది. ఆ తప్పును మీ ముందు సరిదిద్దుకోవడానికే ఈ రోజు నిలబడ్డాను.

నిరుడు వానకాలంలో ఒక తల్లి తన నాలుగేళ్ల బాబుతో మా కార్యాలయానికి వచ్చారు. పింఛను కాగితాల పని ముగిశాక చేతిసంచిలోంచి ఆసుపత్రి కాగితం ఒకటి తీసి, "సార్, ఇందులో ఏముందో కొంచెం చదివి చెప్పండి" అన్నారు. బాబుకు పుట్టుకతోనే రెండు చెవుల్లోనూ వినికిడి లోపం. మొదట రెండు చెవులకూ యంత్రాలు పెట్టారు. మాటలు రాలేదు. ఆ తరువాత కుడిచెవికి శస్త్రచికిత్స చేసి కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చారు. ఆ కాగితం అప్పటిది. అందులో చివరినుంచి రెండో పంక్తి ఇది: అవతలి చెవికి వినికిడి యంత్రాన్ని కొనసాగించాలి.

నేను తలెత్తి బాబు ఎడమచెవి వైపు చూశాను. దానికి ఏమీ లేదు. "ఆపరేషన్ అయిపోయింది కదా సార్, ఇంక ఆ మిషన్ ఎందుకని బీరువాలో పెట్టేశాం. ట్రైనింగులో కూడా దాన్ని తీసేయమన్నారు" అన్నారామె. అప్పటికి ఎనిమిది నెలలు గడిచాయి.

ఆమె వెళ్లిన తరువాత, అంతకు ముందు సంవత్సరం నేనే తెలుగు చేసిన కరపత్రాన్ని తీసి చూశాను. "వినికిడి యంత్రంతో ప్రయోజనం లేనివారికి దానికి బదులుగా కాక్లియర్ ఇంప్లాంట్ అమరుస్తారు" అని రాసి ఉంది. ఇంప్లాంట్ అమర్చిన చెవి వరకు ఆ వాక్యం చాలామంది విషయంలో నిజమే. కాని మనిషికి చెవులు రెండు. రెండో చెవి సంగతి నా వాక్యంలో లేదు. "బదులుగా" అన్న మాట దాన్ని మింగేసింది. ఆ తల్లి నా కరపత్రాన్ని చదివారో లేదో నాకు తెలియదు. చదివి ఉంటే మాత్రం యంత్రాన్ని బీరువాలో పెట్టడమే సరైనదని అనుకుని ఉండేవారు.

అందుకే ఆ మాటను సరిచేయబోయే ముందు నేను చదివి, నిపుణులను అడిగి తెలుసుకున్న సంగతులు మీకు చెబుతాను.

మన లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో చుట్టుకున్న చిన్న భాగం ఉంది. దానినే కర్ణావర్తం లేదా కాక్లియా అంటారు. అందులో సుమారు 15,000 రోమకణాలు వరుసలుగా ఉంటాయి. గాలిలో వచ్చిన కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చి శ్రవణనాడికి అందించడం వాటి పని. నత్తగుల్ల మొదట్లో ఉన్న కణాలు కీచుశబ్దాలను, లోపలి కొసన ఉన్నవి మంద్రశబ్దాలను పట్టుకుంటాయి. ఒకసారి నశించిన రోమకణాలు మనిషిలో తిరిగి పుట్టవు.

వినికిడి యంత్రం శబ్దాన్ని పెద్దది చేసి చెవిలోకి పంపుతుంది. ఆ శబ్దాన్ని అందుకోవడానికి లోపల కొన్ని రోమకణాలైనా మిగిలి ఉండాలి. కణాలే లేనిచోట ఎంత పెంచినా ఫలితం ఉండదు. "గట్టిగానే వినిపిస్తోంది, ఏమంటున్నారో తెలియడం లేదు" అని మన ఇళ్లలో పెద్దవారు అనే మాటకు చాలాసార్లు కారణం ఇదే. కాక్లియర్ ఇంప్లాంట్ దారి వేరు. చెవి వెనుక ఉండే పరికరం శబ్దాన్ని గ్రహించి, సంకేతంగా మార్చి, అయస్కాంతంతో తలకు అంటుకుని ఉండే చుట్ట ద్వారా చర్మం కింది పరికరానికి పంపుతుంది. అక్కడి నుంచి కాక్లియాలోకి దూర్చిన సన్నని తీగ మీది ఎలక్ట్రోడ్లు రోమకణాలతో నిమిత్తం లేకుండా నేరుగా శ్రవణనాడిని ప్రేరేపిస్తాయి.

1978లో మెల్బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ బృందం అనేక ఎలక్ట్రోడ్లున్న ఇంప్లాంట్‌ను ఒక రోగికి అమర్చింది. క్లార్క్ తండ్రి మందుల దుకాణం నడిపేవారు. ఆయనకు వినికిడి లోపం ఉండేది. ఆ తొలి రోజుల్లో ఇంప్లాంట్‌ను ఏమాత్రం వినబడని వారికే అమర్చేవారు. వారికి వినికిడి యంత్రంతో పని లేదు గనుక "ఇది ఉంటే అది అక్కరలేదు" అన్న భావన స్థిరపడి ఉండవచ్చు. తరువాతి కాలంలో కొంత వినికిడి మిగిలి ఉన్నవారికి కూడా ఇంప్లాంట్ అమర్చడం మొదలైంది. మిగిలిన ఆ కొంచెం వినికిడిని వాడుకోవడం ఎలా అన్న ప్రశ్న అప్పుడు ముందుకు వచ్చింది.

ఒక చెవికి ఇంప్లాంట్, మరో చెవికి వినికిడి యంత్రం పెట్టుకునే పద్ధతిని నిపుణులు బైమోడల్ అంటారు. జంట వినికిడి అని మనం చెప్పుకోవచ్చు. ఇది ఎందుకు మేలు చేస్తుందో సంగీతం తెలిసిన మన ఇళ్లలో చెప్పడం తేలిక. వేల రోమకణాలు చేసే పనిని ఇంప్లాంట్‌లో సాధారణంగా 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేస్తాయి. అవి లయను చక్కగా అందిస్తాయి. స, శ, చ వంటి హల్లులలోని కీచుభాగాన్ని, బలమైన వినికిడి యంత్రం కూడా అందించలేని దాన్ని, అందిస్తాయి. కాని శ్రుతిని, అంటే గొంతు ఎక్కడ లేచింది, ఎక్కడ దిగింది అన్న సంగతిని, అంత బాగా అందించలేవు. మరోవైపు వినికిడి లోపం ఉన్న చాలామందిలో చివరిదాకా మిగిలేది మంద్రశబ్దాల వినికిడి. గొంతులోని శ్రుతి ఉండేది ఆ మంద్రభాగంలోనే. మగవారి గొంతు మూలస్వరం సుమారు 100 నుంచి 150 హెర్ట్జ్, ఆడవారిది 200 హెర్ట్జ్ ప్రాంతం. ఆ కాస్తనూ పెంచి అందించడం వినికిడి యంత్రానికి సాధ్యమే. లయ ఒక చెవిలో, శ్రుతి మరో చెవిలో. రెండింటినీ కలిపి పాటగా వినేది మెదడు.

ఇది పాటకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. "సరే" అన్న మన మాటనే తీసుకోండి. ఒప్పుకుని అంటే ఒక సరే, విసిగిపోయి అంటే మరొకటి, "చూస్తాలే" అని బెదిరిస్తూ అంటే ఇంకొకటి. అక్షరాలు అవే, మారేది గొంతు. పిలిచింది అమ్మా నాన్నా అన్నది, అవ్వ కోపంగా ఉందా ముద్దు చేస్తోందా అన్నది పిల్లవాడు గ్రహించేది ఆ గొంతును బట్టే. ఒక్క ఇంప్లాంట్‌తో పిల్లలు మాటలు నేర్చుకోగలరు, నేర్చుకుంటున్నారు. కాని ఈ తేడాలు పట్టుకోవడం వారికి కష్టమవుతుంది. రెండో చెవిలో వినికిడి మిగిలి ఉంటే ఆ కష్టం కొంత తగ్గుతుంది.

మరో రెండు లాభాలున్నాయి. ఒకటి, గోలలో మాట అర్థం కావడం. తరగతి గదిలో, బస్సులో, పెళ్లిపందిట్లో ఒక చెవి కంటే రెండు చెవులు మేలు. రెండు, దిక్కు. ఒక్క చెవితో వినేవారికి అవతలి వైపు నుంచి వచ్చే శబ్దాన్ని తల అడ్డుకుంటుంది. రోడ్డు దాటేటప్పుడు హారన్ ఏవైపు నుంచి వచ్చిందో పోల్చుకోవడం చిన్న విషయం కాదు. ఇంప్లాంట్ బ్యాటరీ అయిపోయిన వేళ రెండో చెవి కొంతైనా ఆదుకుంటుందన్నది అదనం.

ఇంత మేలున్నప్పుడు యంత్రం బీరువాలోకి ఎందుకు పోతోంది? మొదటి కారణం, ఇంప్లాంట్ శబ్దం, యంత్రం శబ్దం ఒకే తీరుగా ఉండవు. రెండూ కుదురుకోవడానికి మెదడుకు వారాలు, ఒక్కొక్కరికి నెలలు పడతాయి. ఆ మధ్యకాలంలో పిల్లవాడు యంత్రాన్ని లాగేస్తాడు. పెద్దవారు చికాకుపడి తీసేస్తారు. రెండవ కారణం, కొత్త చెవికి అలవాటు కావడానికి శిక్షణలో కొంతసేపు ఇంప్లాంట్‌తో మాత్రమే వినిపిస్తారు. "మిషన్ తీయండి" అని అక్కడ అనేది ఆ కాసేపటికే. ఆ తల్లి దాన్ని ఎప్పటికీ తీసేయమన్నట్టు అర్థం చేసుకున్నారు. ఇంట్లో తెలుగు, శిక్షణలో కన్నడం, కాగితంలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య ఆ చిన్నమాట జారిపోయింది. మూడవ కారణం, పిల్లలు పెరిగే కొద్దీ చెవి కూడా పెరుగుతుంది. చెవిలో పెట్టే మోల్డ్ వదులైతే యంత్రం ఈలవేస్తుంది. మోల్డ్ మార్పిస్తే తీరే బాధకు యంత్రాన్నే మానేస్తుంటారు.

వాడని చెవి అలాగే ఉండిపోదు. శబ్దం అందని చెవి నుంచి వచ్చే మాటను అర్థం చేసుకునే నేర్పు మెదడులో క్రమంగా సన్నగిల్లుతుంది. ముఖ్యంగా మాటలు నేర్చే వయసులో పోయిన నెలలు తిరిగి రావు. నా బాధ అంతా అందుకే.

అయితే జంట వినికిడి అందరికీ సరిపోతుందని నేను అనను. రెండో చెవిలో వినికిడి బొత్తిగా లేకపోతే యంత్రంతో ప్రయోజనం ఉండదు. అటువంటివారికి రెండో ఇంప్లాంట్ గురించి వైద్యులు ఆలోచిస్తారు. కొద్దిమందికి యంత్రం శబ్దం ఇంప్లాంట్ మాటకు అడ్డుపడుతుంది. మరికొందరికి మంద్రశబ్దాల వినికిడి బాగా మిగిలి ఉంటే, ఒకే చెవిలో ఇంప్లాంట్‌ను, యంత్రాన్ని కలిపి వాడే పద్ధతి కూడా ఉంది. ఇందులో ఎవరికి ఏది తగునో పరీక్ష చేసి చెప్పవలసింది ఆడియాలజిస్టు. మనంతట మనం, పక్కింటివారి అనుభవాన్ని బట్టి, తేల్చుకోకూడదు.

కనుక మీరు అడగవలసిన ప్రశ్నలు నాలుగు. రెండో చెవిలో ఎంత వినికిడి మిగిలి ఉంది? ఆ చెవికి యంత్రం కొనసాగించాలా, రోజుకు ఎన్ని గంటలు? ఇంప్లాంట్ మ్యాపింగ్ చేసినప్పుడు యంత్రాన్ని కూడా దానికి అనుగుణంగా సర్దుతారా? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? మూడవ ప్రశ్న మరీ ముఖ్యం. ఇంప్లాంట్ ఒక చోట, యంత్రం మరో చోట తీసుకున్నవారిలో ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా వినిపించి రెండింటికీ పొత్తు కుదరదు. వెళ్లిన ప్రతిసారీ రెండు పరికరాలనూ వెంట తీసుకువెళ్లండి. జవాబులు తెలుగులో రాయించుకోండి. రాసేవారు లేకపోతే కాగితాన్ని మా బల్ల దగ్గరకు తీసుకురండి.

ఖర్చు సంగతి. కేంద్రప్రభుత్వపు ఆదిప్ పథకం కింద పుట్టు వినికిడి లోపమున్న ఐదేళ్లలోపు పిల్లలకు, ఆదాయ పరిమితికి లోబడి, ఇంప్లాంట్ అమరుస్తారు. వినికిడి యంత్రాలు కూడా ఆ పథకంలో ఉన్నాయి. ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఈ ఇంప్లాంట్ల పనిని చూస్తుంది. దానికి సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. మన రాష్ట్రంలో మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుంచి ఈ రంగంలో పనిచేస్తోంది. అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు పిల్లల వినికిడిని కూడా పరీక్షిస్తాయి. నిన్నమొన్న కూలిపనులకు వచ్చినవారు ఒక సంగతి గుర్తుంచుకోండి: విశిష్ట గుర్తింపు దివ్యాంగ కార్డు ఏ రాష్ట్రంలో తీసుకున్నా దేశమంతటా చెల్లుతుంది.

చివరిగా భాష గురించి ఒక మాట. వినికిడి లోపమున్న పిల్లవాడికి రెండు భాషలు బరువని, ఇంట్లో తెలుగు మానేయమని కొందరు సలహా ఇస్తుంటారు. తల్లిదండ్రులు తమకు బాగా వచ్చిన భాషలో, ధారాళంగా, ముఖం చూస్తూ మాట్లాడటమే పిల్లలకు మేలని ఈ రంగంలో పనిచేసే వారు చెబుతున్నారు. వచ్చీరాని భాషలో పొడి ముక్కలు మాట్లాడితే పిల్లవాడికి అందే మాటలే తగ్గిపోతాయి. బడిలో కన్నడం నేర్చుకుంటాడు. ఇంట్లో మీ గొంతులో తెలుగు విననివ్వండి. జోలపాట పాడండి, దినుసుల పేర్లు చెబుతూ వంట చేయండి.

ఆ బాబు సంగతి చెప్పి ముగిస్తాను. ఆ మరుసటి వారమే వారు యంత్రాన్ని బీరువాలోంచి తీసి ఆడియాలజిస్టు దగ్గరకు తీసుకువెళ్లారు. కొత్త మోల్డ్ చేశారు. రెండు పరికరాలనూ కలిపి సర్దారు. మొదటి నెలంతా యంత్రాన్ని పెట్టడం తల్లి వంతు, పీకేయడం బాబు వంతు. ఇప్పుడు తానే పెట్టమని చెవి చూపిస్తున్నాడట. మాటలు ఇంకా కొన్నే వచ్చాయి. వంటింట్లోంచి అవ్వ పిలిస్తే మాత్రం అటువైపే తిరుగుతున్నాడని ఆ తల్లి చెప్పారు.

నా కరపత్రం కొత్త ప్రతిలో ఆ వాక్యాన్ని మార్చాను. ఇప్పుడు అది ఇలా ఉంది: "ఒక చెవికి ఇంప్లాంట్ అమర్చిన తరువాత, రెండో చెవిలో వినికిడి మిగిలి ఉంటే, ఆడియాలజిస్టు సలహాతో దానికి తోడుగా వినికిడి యంత్రాన్ని కొనసాగించాలి." పాత ప్రతి మీ ఇంట్లో ఉంటే దయచేసి "బదులుగా" అన్న మాటను కొట్టేయండి. మీ బీరువాలో అటువంటి యంత్రం ఏదైనా ఉంటే, ఈ వారమే దాన్ని బయటకు తీసి, ఎందుకు మానేశామో ఒకసారి ఆడియాలజిస్టును అడగండి.