రేణిగుంట రన్‌వేపై చిన్న విమానాలు

తిరుపతి విమానాశ్రయం ఉన్నది ఊళ్ళో కాదు, సుమారు పదిహేను కిలోమీటర్ల దూరాన, రైల్వే జంక్షన్‌గా పేరున్న రేణిగుంట దగ్గర. 1970వ దశకంలో హైదరాబాదు సర్వీసుతో ఇక్కడ విమానాల రాకపోకలు మొదలయ్యాయి. 1999లో ఒక టెర్మినల్, 2015 అక్టోబరు 22న గరుడ టెర్మినల్ ప్రారంభమయ్యాయి.

చిన్న విమానాల కథలో అసలు మలుపు కూడా 2015లోనే వచ్చింది. జూలై 12న హైదరాబాదుకు చెందిన ట్రూజెట్ తన మొట్టమొదటి సర్వీసును తిరుపతికే నడిపింది. కొత్త సంస్థకు ఇది తెలివైన ఎంపిక. శ్రీవారి దర్శనానికి ఏడాది పొడవునా జనం వస్తూనే ఉంటారు, సీట్లు నింపుకోవడానికి సీజను కోసం ఎదురుచూడక్కర్లేదు. ట్రూజెట్ వాడినవి సుమారు డెబ్బై మంది పట్టే ఏటీఆర్ 72 విమానాలు. వీటిలో టర్బైను ఇంజను ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. వేగం జెట్‌కన్నా తక్కువే అయినా, దగ్గరి దూరాలకు ఇంధనం బాగా ఆదా అవుతుంది, పొట్టి రన్‌వే సరిపోతుంది. రైల్లో రాత్రంతా పట్టే హైదరాబాదు ప్రయాణం గంట పైచిలుకుకు తగ్గింది.

తర్వాత కేంద్రం ఉడాన్ పథకం తెచ్చింది. కొన్ని సీట్ల ఛార్జీకి పరిమితి పెట్టి, సంస్థకు వచ్చే లోటును ప్రభుత్వం పూడ్చడం దీని పద్ధతి. ఆ పథకం కిందే 2021లో స్టార్ ఎయిర్ యాభై సీట్ల ఎంబ్రాయర్ జెట్లతో కలబురగి నుంచి తిరుపతికి సర్వీసు నడిపింది. ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. తిరుపతి మార్గంలో ఇండిగో కూడా ఏటీఆర్‌లను నడిపింది.