మొరాయించు కలము

దస్తావేజుపైఁ జేవ్రాలు చేయఁబోవువేళ ఫౌంటెన్ పెన్ను మొరాయించినచో, పలువురు పాళీని గట్టిగా నదుముదురు. అందువలనఁ జీలిక యెడమై, సిరా మొనదాఁక రాక, కలమే చెడును.

దోషము తఱచుగా నెండిన సిరాదే. 1884లో అమెరికాలో వాటర్‌మన్ పేటెంటు పొందిన కలమునందు, పాళీ క్రింది నాలుకలోని సన్నని దారులగుండ సిరా వెలికి వచ్చుకొలఁది గాలి లోనికిఁ బోవును. నేఁటి కలముల పద్ధతియు నదియే. సిరా యెండి యా దారులు పూడినచో వ్రాఁత సాగదు.

కావునఁ బాళీభాగమును రాత్రియంతయుఁ జన్నీట నానవేసి, తేటనీరు వచ్చువఱకుఁ గడిగి యారఁబెట్టుఁడు. వేఁడినీరు, స్పిరిటు తగవు. లక్క కలిసిన సిరా యెన్నఁడును బోయకుఁడు. చిరకాలము వాడనిచో ఖాళీచేసి, కడిగి దాఁచుఁడు. ఇంతచేసినను వ్రాయనిచోఁ బాళీని మీరు వంపక, పనివానికిఁ జూపుఁడు.