తాండా దాటిన పరిచయాలు

 

ఆన్‌లైన్‌లో పరిచయాలు పెంచుకుని ఉద్యోగ అవకాశాలు వెతుక్కోవడం గురించి మాట్లాడమన్నారు. ఇది మనకు కొత్త విద్య కాదు. మన పూర్వీకులు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. ఏ ఊళ్లో ఏ సరుకు తక్కువగా ఉందో, ఏ దారిలో నీళ్లు దొరుకుతాయో ముందుగా తెలిసిన తాండా బాగుపడేది. ఆ కబుర్లు దారి పొడవునా ఉన్న పరిచయాల వల్లే అందేవి. రైళ్లు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. నేరస్థ జాతుల చట్టం కింద మనలో చాలామందిపై పోలీసు నిఘా పడింది. దేశమంతటా ఆ చట్టం 1952 నాటికి రద్దయింది. ఈలోగా మనం ఒకచోట స్థిరపడ్డాం, దారులతోపాటు పరిచయాలూ తెగిపోయాయి.

ఇప్పుడు మన పిల్లల్లో డిగ్రీలు, డిప్లొమాలు ఉన్నవాళ్లున్నారు. లేనిది సమయానికి అందే కబురు. దరఖాస్తు గడువు ముగిసిన మర్నాడు విషయం తెలిసిన వాళ్లు మాలోనూ ఉన్నారు. తాండా వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలిసేది ఒకటే సంగతి, ఎందుకంటే అందరం ఒకచోటి వాళ్లమే. 1973లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఈ మాటే చెప్పాడు: కొత్త సమాచారం ఎక్కువగా దూరపు పరిచయస్తుల ద్వారానే వస్తుంది. లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందిని ఐదేళ్లపాటు పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలోనూ, బాగా దగ్గరి స్నేహితులకన్నా కొద్దిపాటి పరిచయస్తులే కొత్త ఉద్యోగానికి ఎక్కువగా తోడ్పడ్డారని తేలింది.

అయితే ఏం చేయాలి? మొదట లింక్డ్‌ఇన్‌లో, కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు. చదువు ఒక్కటే రాసి ఊరుకోకండి. మిర్చి కూలీల లెక్కలు రాశారా? ఎన్‌ఎస్‌ఎస్ శిబిరంలో పనిచేశారా? ట్రాక్టర్ రిపేరు వచ్చా? అది కూడా అనుభవమే, రాయండి.

తర్వాత మీ కాలేజీలో చదివి ఇప్పుడు మీరు కోరుకునే పనిలో ఉన్నవాళ్లను వెతకండి. వాళ్లకు "అన్నా, ఉద్యోగం ఇప్పించండి" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే అది వాళ్ల చేతిలో లేదు. "అన్నా, నేను మీ కాలేజీలోనే చదివాను. మీ పనిలో చేరాలంటే ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడగండి. రెండు నిమిషాల్లో చెప్పగలిగిన ప్రశ్నకు మనుషులు జవాబిస్తారు. పదిమందికి రాస్తే ఇద్దరు పలకవచ్చు. ఆ ఇద్దరికీ కృతజ్ఞతలు చెప్పి, వాళ్లు చెప్పింది నేర్చుకున్నాక మళ్లీ కబురు చేయండి. ప్రభుత్వ ఉద్యోగం పరిచయంతో రాదు, పరీక్షతోనే వస్తుంది. కానీ ఏ పుస్తకాలు చదవాలో, నోటిఫికేషన్ ఎప్పుడు పడిందో పరిచయస్తులే చెబుతారు.

కొందరు పిల్లలు మమ్మల్ని మెల్లగా అడుగుతున్నారు: "పేరు చివర నాయక్ అని పెట్టాలా, తీసేయాలా?" ఆ భయం ఉత్తిదే అని మేము అనము. చిన్నచూపు మాకూ ఎదురైంది. కానీ పేరు దాచుకుంటే మన వాళ్లే మనల్ని గుర్తుపట్టలేరు. చెయ్యి అందించాలనుకునే అక్క హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఆమెకు కనిపించరు. నిర్ణయం మీదే, మా సలహా మాత్రం పెట్టుకోమనే.

ఒక హెచ్చరిక. ఉద్యోగం ఇస్తామని ముందు డబ్బు అడిగితే అది మోసమని తెలుసుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

చివరిగా, ఇప్పటికే ఉద్యోగాల్లో ఉన్న మన వాళ్లకు ఒక మాట. తాండా నుంచి ఒక పిల్ల మెసేజ్ పెడితే చూసి వదిలేయకండి. మీ రెండు వాక్యాలు ఆమెకు ఒక ఏడాది మిగల్చవచ్చు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రాత్రికి ఒక్కరికి రాయండి చాలు. జై సేవాలాల్.